తూటు పడ్డ జాడీ

దేవదాసు ఎడమ భుజం కుడి భుజం కంటే కొంచెం కిందికి ఉంటుంది. ఖాళీ చేతులతో నడుస్తున్నా అంతే, ఆ భుజాన బరువు ఇంకా దించలేదేమో అనిపిస్తుంది. జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె ఆయనది. ఒమాన్ వచ్చి ఇరవై ఏళ్ల పైమాటే. మొదట్లో సైట్లలో ఇటుకలూ సిమెంటు బస్తాలూ మోశాడు. ఆ తర్వాత మా కంపెనీకి వచ్చి బీరువాలు మోశాడు, ఫ్రిజ్‌లు మోశాడు, ఒకసారి ఎవరో పెద్దమనిషి గుమ్మం ముందు ముచ్చటపడి పెట్టుకున్న రాతి సింహాన్ని కూడా మోశాడు. ఆ సింహాన్ని దించిన రోజు, 'ఎలా ఉందండీ?' అని అడిగితే, 'సింహం మంచిగనే ఉన్నది మేడం' అన్నాడు. నేను అడిగింది ఆయన సంగతి.

మా కంపెనీ అంటే అల్ మవాలేలో ఒక ఆఫీసు గది, దాని వెనక గోదాము. ఇళ్లు మారేవాళ్ల సామాను సర్ది చేర్చడం అసలు వ్యాపారం. ఈ మధ్య పాత వస్తువులను మ్యూజియంలకు చేర్చే పని కూడా వస్తోంది. ఆ పని నా మెడకు చుట్టారు. మాది కాకినాడ. చదివింది చరిత్ర, చేస్తున్నది పెట్టెల చాకిరీ. ఏ వస్తువును ఎలా కట్టాలో చూసుకోవాలి, పగలకుండా చేర్చాలి, పగిలితే మేనేజరు సత్యనారాయణమూర్తిగారి చేత తిట్లు తినాలి. ఇంతవరకూ తినలేదంటే అది నా గొప్ప కాదు. పగిలే వస్తువులన్నీ దేవదాసు భుజం మీదే వెళ్లాయి.

ఏదైనా ఎత్తే ముందు ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకుంటాడు. కొత్తలో నాకు ఒళ్లు మండేది. బండి బయట ఎండలో నిలబడి ఉంటే ఈయన బీరువాను ఆశీర్వదిస్తున్నాడేమిటి అనుకునేదాన్ని. 'ఏం చూస్తున్నారండీ?' అంటే, 'దీని బరువు యాడున్నదో సూస్తున్న' అన్నాడు. ఆ తర్వాత నేను తొందరపెట్టడం మానేశాను.

నిరుడు మే నెలలో ఆయన భార్య ముత్తవ్వ పోయింది. జ్వరమని ఆస్పత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. అప్పటికి దేవదాసు పాస్‌పోర్టు వీసా రెన్యువల్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. అది చేతికొచ్చేసరికి అక్కడ దినాలు అయిపోయాయి. ఇక పోయి ఏం చేస్తానన్నాడు. కొడుకులు లేరు, సంగీత అని ఒక్కతే కూతురు, పెళ్లయి పక్క ఊళ్లో ఉంటుంది. చితి దగ్గర మొగుడు చేయాల్సినవన్నీ ఆయన తమ్ముడి కొడుకు చేశాడు. దేవదాసు గోదాములో హెల్మెట్ తలమీదే ఉంచుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ అబ్బాయి ఎడమ భుజం మీద నీళ్ల కుండ పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతున్నాడు. వెనక నడిచే మనిషి చుట్టు చుట్టుకీ కుండకు ఒక తూటు కొడుతున్నాడు. నీళ్లు సన్నగా వెనక్కి కారుతున్నాయి. మూడో చుట్టు అయ్యాక కుండను వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా నడిచిపోవాలి. మా వైపూ అదే పద్ధతి. మూడో చుట్టు మధ్యలో బొమ్మ ఆగిపోయింది. నెట్‌వర్క్ పోయింది. దేవదాసు ఆగిపోయిన ఆ బొమ్మనే చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, సగం కట్టిన డైనింగ్ టేబులు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచీ మనిషి మారాడని కథ కోసం చెప్పలేను. మారలేదు. అదే నడక, అదే పని. డ్యూటీ అయ్యాక బండిలో కూర్చుంటే మాత్రం కళ్లు తెరిచే ఉండేవి, ఎదురుగా ఉన్నది ఏదీ చూసేవి కావు. సీబ్‌లో రూమ్ దగ్గర బండి ఆగినా దిగేవాడు కాదు. డ్రైవర్ పేరు పెట్టి పిలవాలి. ఒకసారి నాతో, 'ఆ కుండ నేను ఎత్తుకోవాల్సింది మేడం' అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఊళ్లో వాళ్లవీ వీళ్లవీ సామాన్లన్నీ మోసినవాడికి తన పెళ్లాం కోసం మోయాల్సిన ఒక్క కుండ దక్కలేదు. నేను టీ తాగుతారా అని అడిగాను.

ఏడాది తిరిగింది. ముత్తవ్వ యాడాదికి ఊరికి పోతానని దేవదాసు లీవు అడిగాడు. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం నేనెరిగి అదే మొదలు. మూర్తిగారు చెడ్డవారు కాదు గానీ, ఆయన చేతిలో ఏదీ ఊరికే రాలదు. 'మత్రా జాడీ పని ఒకటి ఉంది. అది పగలకుండా బండెక్కిస్తే వెళ్లిరమ్మనండి' అన్నారు.

మత్రా జాడీ గురించి చెప్పాలి. మత్రా రేవు పక్క పేట. అక్కడి సూక్, అంటే పాత బజారు, దాని వెనక సందులో ఒక పాతకాలపు వర్తకుల ఇల్లు ఉంది. ఆ ఇంటివాళ్ల తాతగారి రోజుల్లో జాలర్ల వలకు సముద్రం అడుగున ఒక పెద్ద మట్టి జాడీ చిక్కింది. జాలర్లు తెచ్చి ఆయనకిచ్చారు. అప్పటినుంచి మేడ మీద చెక్క చట్రంలో అలా ఆనించి ఉంది. ఇప్పుడు ఆ కుటుంబం దాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తోంది. రెండు వేల ఏళ్ల నాటి రోమన్ల జాడీ అట. ఆంఫొరా అంటారు. మన ఆవకాయ జాడీకి అడుగు ఉంటుంది, దించిన చోట నిలబడుతుంది. దీనికి అది లేదు. అడుగు మేకులా సన్నబడిపోయి ఉంటుంది. పొడుగాటి మెడ, మెడకు అటూ ఇటూ రెండు పిడులు, దేవదాసు ఛాతీ దాకా వచ్చే ఎత్తు.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. మేం వెళ్లేసరికే మ్యూజియం తరఫున అరీబా వచ్చి ఉంది. ఆమె పెద్దలది కరాచీ, ఆమె పుట్టి పెరిగింది మత్రాలోనే. పాత కుండల గురించే చదువుకున్న మనిషి. టార్చి వేసి జాడీ మూతి లోపలికి చూస్తూ, 'అడుగున కొంచెం సముద్రపు ఇసుక ఉంది. గట్టిపడిపోయింది, కదలదు. మ్యూజియంకి వెళ్లాకే తీస్తాం' అంది.

చిక్కల్లా మెట్లతోనే. మధ్యలో ఒక రాతి స్తంభం, దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ దిగే మెట్లు. ఒక మనిషి పట్టేంత వెడల్పే. పెట్టె ఆ మెట్లెక్కదు. ఇద్దరు పట్టుకుని దిగడానికి చోటు లేదు. కిటికీలకు చెక్క జాలీలు, వాటిని ఊడదీయడానికి వీల్లేదు. పెట్టెను కింద వాకిట్లో తెరిచి పెట్టి, జాడీని ఒక్కరు భుజాన వేసుకుని దిగాలి. అరీబా మొదట గుండెలు బాదుకుంది. ఆమె చదివిన పుస్తకాల్లో భుజం అనే సాధనం లేదు. చివరికి వేరే దారి లేక ఒప్పుకుంది.

దేవదాసు తువ్వాలు మడిచి ఎడమ భుజాన వేసుకున్నాడు. అలవాటుగా జాడీ మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి మెల్లగా కిందికి జరిగింది, పొట్ట కింద అడుగుకు దగ్గరగా ఒకచోట ఆగింది. వంగి చూశాడు. చిటికెన వేలు పట్టేంత గుండ్రటి తూటు. పగిలితే పడ్డది కాదు, ఎవరో పనిగట్టుకుని తొలిచినది. దేవదాసు లేచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేడం, ఇది నేను ఎత్తుకోను."

"ఏమైందండీ? నడుం పట్టేసిందా?"

"నడుం మంచిగనే ఉన్నది. దీనికి తూటున్నది."

"ఉంటే?"

"ఉంటే ఏంది మేడం, మీకెర్క లేదా?" ఆయన గొంతు తగ్గించాడు. "ఇల్లు సూడుండ్రి. పసిపోరగాండ్లు తిరుగుతున్నరు. ముసలామె గీడనే కూసున్నది. తూటు వడ్డ కుండను భుజం మీద వెట్టుకొని ఎవలన్న మందింట్ల తిరుగుతరా?"

ఇంటి పెద్దావిడ ఆ మేడగది గడప దగ్గర పీట మీద కూర్చుని మాకోసం ఖర్జూరాలు పళ్లెంలో సర్దుతోంది. ఈ మాటలు ఆమెకు అర్థం కావు. అర్థమైనా ఆమె మతంలో ఆ శంక లేదు. దేవదాసుకు ఉంది. ఆయన భయం తన కోసం కాదు, ఖర్జూరాలు సర్దుతున్న ఆ మనిషి కోసం. ఇంత జబ్బ సత్తువ ఉన్న మనిషిని అంత చిన్న తూటు దగ్గర కట్టిపడేసింది ఈ ఆలోచనే. నాకు విసుగు వచ్చింది, విసుక్కోలేకపోయాను.

సరిగ్గా అప్పుడే మూర్తిగారి ఫోను. చేతిలో పెట్టె కొలతల కాగితం ఉండి స్పీకర్లో పెట్టాను. జరిగింది చెప్పాను.

"అది రోమన్ల జాడీ అండీ బాబూ, శ్మశానంలో కుండ కాదు! మ్యూజియం లారీ వచ్చి సందు చివర నిలబడి ఉంది. ఇవాళ దిగలేదంటే వాళ్లు ఇంకో కంపెనీని చూసుకుంటారు. ఆ మనిషి లీవు సంగతి కూడా నేను మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది, చెప్పండి."

చెప్పే పని లేకపోయింది. దేవదాసు విన్నాడు. గోడకు ఆనుకుని అలాగే నేల మీద కూర్చున్నాడు.

"నాకు పోవాల్నని లేదా మేడం?" అన్నాడు. "దానికి మొగున్ని. పోయినప్పుడు పోలె. యాడాదికన్న పోకపోతె నన్నేమనాలె? అయినా గిట్ల జేసి పోతె అది సంతోషపడ్తదా?"

అరీబా ఏమైందని అడిగింది. నాకొచ్చిన హిందీలో కుండ సంగతి, చితి సంగతి, ముత్తవ్వ సంగతి అన్నీ చెప్పాను. ఆమె నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు. వచ్చి దేవదాసు ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"భాయ్, ఇది చావు కోసం పెట్టిన తూటు కాదు" అంది హిందీలో. "ఇందులో ద్రాక్షసారా వచ్చేది. ఓడ అడుగున వరసలుగా పేర్చేవాళ్లు. కింది వరస జాడీల భుజాల మధ్య సందుల్లో పై వరస జాడీల మొనలు దిగేవి. అందుకే అడుగు ఇలా సన్నగా చేశారు. ఓడ ఊగినా కదలవు. రేవులో దించేటప్పుడు పిడి మీద ఒక చెయ్యి, ఈ మొన మీద ఒక చెయ్యి. కొన్నిట్లో నూనె, కొన్నిట్లో చేపల ఊరగాయ రసం. మూతికి బిరడా వేసి మట్టితో మూసేసేవాళ్లు. మూత పగలగొట్టకుండా సారా తీసుకోవాలంటే ఎవరో ఇలా కింద తొలుచుకుని ఉంటారు."

"అంటే తాగనీకి చేసిన తూటా?" దేవదాసు మొహంలో రవ్వంత నవ్వు లాంటిది వచ్చి పోయింది. "ఖాళీ అయినంక జాడీని ఏం జేసేటోళ్లు?"

"కొన్నిటిని మళ్లీ వాడేవాళ్లు. చాలావాటిని పారేసేవాళ్లు. రోమ్ నగరంలో నూనె జాడీలు పగలగొట్టి పారేసిన కుప్ప ఇప్పటికీ ఒక గుట్టంత ఉంది."

ఇక్కడ గల్ఫ్ కూలీకీ ఖాళీ జాడీకీ పోలిక తెచ్చి నాలుగు కన్నీటి మాటలు చెప్పుకోవచ్చు. మన తెలుగువాళ్ల సంఘం మీటింగుల్లో అలాంటివి విని విని నాకు మొహం మొత్తింది. దేవదాసుకు ఆ గుట్ట మీద ఆసక్తే లేదు. ఆయన ఇంకా తూటు దగ్గరే ఉన్నాడు.

"మరి తాగంగ మిగిలింది కారిపోకుంట దీనికి బిరడా ఉండేనా?"

"ఉండే ఉంటుంది. చెక్కదో, మట్టిదో. సముద్రంలో పోయింది."

"గట్లయితె మీరు మళ్ల మూయుండ్రి మేడం. మూస్తె అది మామూలు కుండ. ఎత్తుకుంట."

అరీబా క్షణం ఆలోచించింది. తర్వాత తన సంచిలోంచి మెత్తటి తెల్ల కాగితం తీసి, సన్నగా చుట్టి, తూటులో నెమ్మదిగా దూర్చింది. దేవదాసు వేలితో తడిమి చూసుకున్నాడు. ఒక నిట్టూర్పు విడిచి లేచాడు.

జాడీ ఆయన భుజం మీదికి మారాం చేయకుండా వెళ్లింది. మెడ ముందుకు, మొన వెనక్కి. ఎడమ చేత్తో పిడి పట్టుకున్నాడు, కుడి చేతిని స్తంభానికి ఆనించాడు. అరీబా టార్చి పట్టుకుని ముందు దిగుతోంది. నేను వెనక. మొదటి చుట్టు తిరిగాం. పాత మేడ, మూడు చుట్లు తిరిగితే గానీ వాకిలి రాదు. ఆయన పాదం ఒక్కో మెట్టునూ ముందు తడుముతోంది, తర్వాతే బరువు వేస్తోంది.

రెండో చుట్టులో ఏదో సన్నటి చప్పుడు. కాగితం చుట్ట నా కాలి దగ్గర పడింది. కదలదన్న ఇసుక కదిలింది. దేవదాసు వెనక, ఆ తూటులోంచి, తెల్లటి ఇసుక సన్నటి ధారగా మెట్ల మీదికి కారుతోంది.

ఎడమ భుజం, వెనక్కి కారే ధార, చుట్లు. మూడో చుట్టు తర్వాత ఏం చేయాలో ఆ ఒంటికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ చెయ్యి పట్టు వదిలితే జాడీ పోతుంది, లీవు పోతుంది, ముత్తవ్వ యాడాది పోతుంది. రెండు చేతులూ జాడీ కిందికి చాచాను. అందితే ఆపగలనని కాదు.

దేవదాసు ఆగాడు. ఇసుక ఆయన మడమ మీద పడుతోంది. తల తిప్పలేదు.

"మేడం, ఎన్కకెళ్లి కారుతున్నదా?"

"కారుతోందండీ. ఇసుకే. ఏం కాదు, నేను పట్టుకుంటాను, అలాగే ఉండండి."

"ఇది ఎన్నో సుట్టు?"

"రెండోది."

"ఇంకోటున్నదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"ఉంది."

ఆయన భుజం ఒకసారి సర్దుకున్నాడు. "ముత్తవ్వా" అన్నాడు, వంటింట్లో ఉన్న మనిషిని పిలిచినంత మామూలుగా. తర్వాత నడిచాడు. నేను వెనక నడిచాను. ఇసుక నా పాదాల మీద కూడా పడింది. ఆ చీకటి మెట్ల మీద నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఎవరూ చూసేవాళ్లు లేరు.

మూడో చుట్టు దిగి వాకిట్లోకి వచ్చాం. పెట్టె మెత్తటి ఫోముతో తెరుచుకుని ఉంది. ఎప్పుడూ దేవదాసు పెట్టెకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, తన చేతుల్తో తనే దించుతాడు. ఇవాళ పెట్టెకు వీపు పెట్టి నిలబడ్డాడు. మోకాళ్లు మెల్లగా వంచాడు. అరీబాకు ఏమీ అర్థం కావడం లేదు.

"మేడం, మీరిద్దరు ఎన్కనుంచి అందుకోండ్రి. నేను ఇడుస్త."

నేను మొన పట్టుకున్నాను. అరీబా పొట్ట కింద చేతులు పెట్టింది. జాడీ బరువు పూర్తిగా మా చేతుల్లోకి వచ్చిందని ఆయనకు తెలిసేదాకా పిడి వదల్లేదు. తర్వాత వేళ్లు ఒక్కటొక్కటే విప్పాడు. మేమిద్దరం జాడీని ఫోములో పడుకోబెట్టాం. చిన్న బీట కూడా పడలేదు.

దేవదాసు లేచి నిలబడ్డాడు. వాకిలి దాటి, వీధి తలుపు దాటి, తిన్నగా సందులోకి నడిచిపోయాడు. భుజం మీది తువ్వాలు జారి గడప దగ్గర పడింది, దానికోసం ఆగలేదు. అరీబా తువ్వాలు తీసి, "భాయ్!" అని పిలవబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పిలవకండి. ఆయన వెనక్కి చూడకూడదు" అన్నాను.

అరీబా నన్నూ, మెట్ల మీది ఇసుకనూ చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. తువ్వాలు మడిచి నా చేతికిచ్చింది.

పెట్టెకు మూత బిగించి లారీ ఎక్కించాం. అరీబా లారీతో వెళ్లిపోయింది. మూర్తిగారికి ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒకటే, ఏమీ పగల్లేదు కదా అని. పగల్లేదన్నాను. "అయితే వెళ్లిరమ్మనండి. టికెట్టు నేనే వేయిస్తాను. ఆయనకు కోపం వచ్చిందేమో, ఏమీ అనుకోవద్దనండి" అన్నారు.

దేవదాసు మా బండిలో డ్రైవర్ పక్కన కూర్చుని ఉన్నాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. తువ్వాలు ముందుకు అందించాను. తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాచి తీసుకున్నాడు. లీవు ఇచ్చారని చెప్పాను.

"పోత మేడం. బిడ్డ ఎదురుసూస్తున్నది" అన్నాడు.

మత్రా దాటాం. ఎడమ వైపు కొండలు, కుడి వైపు ఎండకు తెల్లబోయిన సముద్రం. నాకు ఒళ్లంతా ఎవరో పిండేసినట్టుంది. కళ్లు మూసుకున్నాను. సీబ్ దగ్గరికి వచ్చాక దేవదాసు గొంతు వినిపించింది.

"మేడం, రూమ్‌కు పోయేముందు సముద్రం కాడ బండి జర ఆపుమనుండ్రి."

"ఎందుకండీ?"

"తానం చెయ్యాలె గద."